మన భాష తెలిసిన ఫోనుకు మన రాష్ట్రం తెలుసా?

సండూరు తాలూకా చోరనూరు లాంటి ఊళ్లలో మన తెలుగు ఇళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ప్రభుత్వ పథకం గురించి తెలుగులో ఒక వీడియో చూస్తాం. కాగితాలన్నీ సర్దుకుని బయలుదేరాక గానీ అది ఆంధ్రదో తెలంగాణదో అని తెలియదు. ఫోను అబద్ధం చెప్పలేదు. మనల్ని వేరే రాష్ట్రంవాళ్లం అనుకుందంతే.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందింది. అప్పట్లో ఒక పేజీని ఎవరు తెరిచినా ఒకేలా కనబడేది. తర్వాత ఆ పద్ధతి మారింది. 2009 డిసెంబరులో గూగుల్, ఖాతాలోకి లాగిన్ కానివారికి కూడా వాళ్లు 180 రోజులుగా వెతికినవాటిని బట్టి ఫలితాల వరుస మార్చడం మొదలుపెట్టింది. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక వీడియోలు పల్లెపల్లెకూ చేరాయి.

యూట్యూబ్ లాంటివి ముఖ్యంగా మనం ఏ భాషలో వెతికాం, ఏ వీడియో ఎంతసేపు చూశాం, ఎక్కడున్నాం అన్నవాటిని గమనిస్తాయి. మనలాగే చూసేవారు ఇంకేం చూశారో లెక్కగట్టి దాన్నే మన ముందు పెడతాయి. తెలుగు వీడియోలు చూసేవారిలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణల వాళ్లే. కాబట్టి మనకూ అక్కడి కబుర్లే ఎక్కువ వస్తాయి.

ఉదాహరణకు ‘గృహలక్ష్మి’ని తీసుకోండి. కర్ణాటకలో 2023 ఆగస్టు 30న మొదలైన ఈ పథకం ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు ఇస్తుంది. అదే ఏడాది తెలంగాణలో ఇదే పేరుతో వచ్చిన పథకం, సొంత జాగా ఉన్నవారికి ఇల్లు కట్టుకోవడానికి 3 లక్షల సాయం కోసం ఉద్దేశించినదిగా ఉండేది. బస్సు సంగతీ అంతే. మన ‘శక్తి’ 2023 జూన్ 11న వచ్చింది, ఆంధ్రలో ‘స్త్రీ శక్తి’ 2025 ఆగస్టు 15న వచ్చింది. చోరనూరు అక్క రాయదుర్గం వెళ్లి అక్కడి బస్సెక్కితే ఆ ఉచితం ఆమెకు వర్తించదు. అది ఆంధ్రలో నివాసమున్నవారికే.

1953 అక్టోబరు 1న సండూరుతో సహా బళ్లారి ప్రాంతం మైసూరు రాష్ట్రంలో చేరింది. మన ఇంటి భాష తెలుగు, మన కాగితాలు కన్నడ. ఈ రెండూ కలిసి ఉండే ఇల్లు ఫోను లెక్కకు సులభంగా అందదు.

మనం చేయగలిగినవి ఉన్నాయి. పథకం పేరుతో పాటు ‘కర్ణాటక’ అని కూడా రాసి వెతకండి. అదే మాట కన్నడ లిపిలోనూ వెతకమని బడికెళ్లే పిల్లలకు చెప్పండి. ఫోను సెట్టింగులలో తెలుగుతో పాటు కన్నడనూ చేర్చండి. అక్కర్లేని వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘ఆసక్తి లేదు’ అని చెప్పండి. అవ్వ, నాయన, పిల్లలు ఒకే ఫోను వాడుతుంటే అందరి ఇష్టాలూ కలిసిపోతాయి. వీలైతే ఎవరి ఖాతా వారికి పెట్టండి. చివరిగా, డబ్బు, గడువు ఉన్న ఏ విషయాన్నైనా పంచాయతీలోనో గ్రామ ఒన్ కేంద్రంలోనో అడిగాకే నమ్మండి.

తెలుగులో చూడటం మానుకోమని మేము చెప్పడం లేదు. పాటకు, కథకు, పండగకు తెలుగే వినండి. రేషన్ కార్డు సంగతి వచ్చినప్పుడు మాత్రం మనం ఏ రాష్ట్రంవాళ్లమో ఫోనుకు మనమే చెప్పాలి.