పరాయి గడ్డ మీద యజమాని

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో అలగనూరు జలాశయం ఉంది. కేసీ కాలువ ఆయకట్టుకు ఆసరాగా దాన్ని కట్టారు. కేసీ అంటే కర్నూలు–కడప అని ఈ ప్రాంతంలో బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ కాలువను మొదట తవ్వించింది లండన్‌లో పుట్టిన ఒక ప్రైవేటు కంపెనీ అన్న సంగతి మాత్రం అంతమందికి తెలియదు. పరాయి దేశంలో వ్యాపారం పెట్టి, అక్కడ మనుషులను పనిలో పెట్టుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి దుబాయి దాకా పోనక్కర్లేదు. ముందు కాలువ గట్టు మీదికి వెళదాం.

కంపెనీ పేరు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. 1858లో ఏర్పడింది. గోదావరి ఆనకట్టతో పేరు తెచ్చుకున్న ఆర్థర్ కాటన్ ఆలోచనలు దాని వెనుక ఉన్నాయి. మూలధనం పది లక్షల పౌన్లు. ఆ సొమ్ము మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అంటే కాలువ సంపాదించినా సంపాదించకపోయినా లండన్‌లోని వాటాదారుకు నూటికి ఐదు చొప్పున ముడుతుంది. కాలువ ఇవ్వలేనప్పుడు ఖజానా ఇస్తుంది. ఖజానాలోకి శిస్తు కట్టేది రైతు. ఆ విధంగా, నష్టం భరించే పనికి రైతును మొదటే భాగస్వామిగా చేర్చుకున్నారు. ఆ మాట అతనితో చెప్పడం మాత్రం అవసరమనుకోలేదు.

కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా 306 కిలోమీటర్ల కాలువ తవ్వాలి. ఈ ప్రాంతంలో మట్టిపని తరతరాలుగా వడ్డెర్ల చేతిలో ఉంది. అయితే ఆ 1860లలోనే మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు వైపు రైలుమార్గానికి కట్టలు పోస్తున్నారు. అదే సమయంలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. అక్కడి పత్తి ఇంగ్లండుకు చేరక మన పత్తి ధర ఆకాశాన్నంటింది. గడ్డపార పట్టగలిగిన మనిషికి రైలుకట్ట మీద, పత్తిచేలో, కాలువలో మూడుచోట్లా పని ఉంటే కూలి ఏమవుతుందో చెప్పడానికి అర్థశాస్త్రం చదవనక్కర్లేదు. లండన్‌లో వేసిన అంచనాల్లో అబ్రహాం లింకన్‌కు పద్దు లేదు. పని సగంలో ఉండగానే పది లక్షల పౌన్లు కరిగిపోయాయి. ప్రభుత్వం మరో ఆరు లక్షలు అప్పిచ్చింది. 1871 నాటికి కాలువ పారింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నీళ్లు కొనేవాళ్లు లేరు. ఇది రేగడి నేల. జొన్న, కొర్ర, పత్తి ఒకటి రెండు మంచి పదునులతో పండుతాయి. వాన పడిన ఏడు కాలువ నీటికి డబ్బు కట్టడం దండగ అని రైతు లెక్క. వాన పడని ఏడు నీళ్లు కావాలి గాని, కంపెనీకి ఆదాయం ఏటా కావాలి. ఒకసారి నీళ్లు పెట్టుకుంటే ఆ భూమి మీద పన్ను పెరిగి ఇక తగ్గదన్న భయం ఒకటి. ప్రభుత్వాల విషయంలో రైతుకున్న భయాల్లో నిరాధారమైనవి తక్కువ.

కంపెనీ ఇంజినీర్లను అడిగింది, వాటాదారులను అడిగింది, లండన్‌లోని భారత వ్యవహారాల మంత్రిని అడిగింది. నీళ్లు కొనవలసిన మనిషిని ఎవరూ అడిగినట్టు కనబడదు. 1876–78 కరువులో నీళ్లకు గిరాకీ వచ్చింది. అయితే 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పదేళ్లలో కర్నూలు జిల్లాలో నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు. అలాంటి గిరాకీని లాభనష్టాల పట్టికలో ఎక్కడ రాయాలో ఏ లెక్కల శాస్త్రమూ చెప్పదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. వాటాదారులు డబ్బు తీసుకుని తప్పుకున్నారు. కాలువ ఇక్కడే ఉండిపోయింది, ఇప్పటికీ పారుతోంది.

ఈ కథలో మూడు ప్రశ్నలున్నాయి. వ్యాపారం ఎవరి సొత్తు? అందులో ఎవరు పని చేస్తారు? విడిపోయేనాడు ఎవరు ఎవరికి ఎంత బాకీ? కంపెనీ కాలంలో వీటికి జవాబులు ఒప్పందాల్లో ఉండేవి. ఇప్పుడు చట్టాల్లో ఉన్నాయి. మిడుతూరు నుంచి ఒకాయన కువైట్ వెళ్లి, పదేళ్లు డ్రైవరుగా చేసి, అక్కడే టీకొట్టు పెట్టాలనుకున్నాడని అనుకుందాం. రాయచోటి, రాజంపేట వాళ్లకు ఈ దారి మనకన్నా పాతది. అయినా ప్రశ్నలు అవే.

మొదటిది సొత్తు. కువైట్ 1980 నాటి 68వ నంబరు వాణిజ్య చట్టం ప్రకారం విదేశీయుడు సొంతంగా వ్యాపారం చేయకూడదు. కువైటీ భాగస్వామి ఉండాలి, మూలధనంలో అతని వాటా 51 శాతానికి తగ్గకూడదు. ఇరుగుపొరుగు గల్ఫ్ దేశాలవారికి మినహాయింపు ఉంది. 2013లో వచ్చిన ఇంకో చట్టం నూరు శాతం విదేశీ యాజమాన్యానికి దారి తెరిచింది గాని, ఆ గుమ్మం పెద్ద పెట్టుబడుల కొలతకు కట్టింది. టీ గ్లాసులతో వెళ్లేవారికి కాదు. యూఏఈలో 2021 జూన్ నుంచి చాలా వ్యాపారాలకు స్థానిక భాగస్వామి అక్కర్లేదు.

కాబట్టి కువైట్‌లో జరిగేది ఏమిటంటే, లైసెన్సు కువైటీ పేరు మీద, పెట్టుబడి మనవాడిది. నెలనెలా లేదా ఏటా ఇంతని ముట్టజెప్పాలి. కాగితం మీద 51 శాతం, మాట మీద సున్నా శాతం. ఈ ఏర్పాటు ఇద్దరి మధ్యా మంచి ఉన్నంతకాలం బాగానే నడుస్తుంది. ఆ పెద్దమనిషి కాలం చేసి, లైసెన్సు కొడుకుల చేతికి వచ్చినప్పుడు గాని కాగితానికీ మాటకీ తేడా తెలియదు. కోర్టు చదివేది కాగితాన్నే. ఊళ్లో అన్నదమ్ముల పొలం పంచుకోవడానికి సర్వేయరును, నలుగురు పెద్దమనుషులను పిలిచే మనిషి, సముద్రం దాటాక జీవితకాలపు పొదుపును ఒక చిరునవ్వు మీద పెట్టగలడు.

రెండోది పని. అది వీసాతో మొదలవుతుంది. కువైట్‌లో ఇంటిపనికి, ఇంటి డ్రైవరుకు ఇచ్చేది 20వ నంబరు వీసా, మనవాళ్లు ఖాదిమ్ వీసా అంటారు. ప్రైవేటు కంపెనీల్లో పనికి 18వ నంబరు, షూన్ వీసా. ఇవి రెండూ పనివాళ్ల వీసాలు, యజమానుల వీసాలు కావు. 20వ నంబరు మీద వచ్చిన డ్రైవరు టీకొట్టు నడిపితే, అతను ఆ దేశం దృష్టిలో వ్యాపారి కాడు, తప్పిపోయిన డ్రైవరు. ఇక ‘ఆజాద్ వీసా’ అని మరొకటి వినిపిస్తుంది, ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పి అమ్మేది. అలాంటి వీసా చట్టంలో లేదు, మార్కెట్లో ఉంది. చట్టంలో ఉన్న వీసాల కన్నా దాని ధర ఎక్కువ.

ఇప్పుడు మనుషులు. టీ మాస్టరు కావాలి. మన యజమాని సహజంగా బామ్మర్దిని తలుచుకుంటాడు. బామ్మర్ది పదో తరగతి పాస్ కాలేదనుకుందాం. అప్పుడు అతని పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ రకం, అంటే గల్ఫ్ సహా కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకం. 1983 నాటి వలసల చట్టం కింద, ఇ–మైగ్రేట్ అనే ప్రభుత్వ వ్యవస్థ ద్వారా ఆ అనుమతి వస్తుంది. అందులో మనుషులను తీసుకునే విదేశీ యజమాని కూడా నమోదు కావాలి. మిడుతూరులో ఓటున్న మనిషి, సొంత బామ్మర్దిని పిలిపించుకునే విషయంలో, భారత ప్రభుత్వం ముందు విదేశీ యజమాని. ఏజెంటు ద్వారా వెళితే, లైసెన్సు ఉన్న ఏజెంటు పనివాడి దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఈ అంకె విని నవ్వేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎంత కట్టారని వాళ్లనే అడగాలి.

బామ్మర్ది చేరాక బంధుత్వం పక్కకు పోయి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వస్తుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48. రంజాన్ మాసంలో వారానికి 36. అదనపు గంటలకు పావు వంతు ఎక్కువ కూలి. పనితనం చూసుకునే గడువు 100 రోజులు మించకూడదు. ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు. ‘మనవాడే కదా’ అన్న వాక్యానికి ఆ చట్టంలో అధ్యాయం లేదు.

అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయేది మూడో ప్రశ్న. ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే మొత్తాన్ని ఇండెమ్నిటీ అంటారు, మన గ్రాట్యుటీ లాంటిది. నెలజీతగాడికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి నెల జీతం. మొత్తం ఏడాదిన్నర జీతం దాటకూడదు. బామ్మర్ది జీతం 150 దినార్లు, పని చేసింది 8 ఏళ్లు అనుకుందాం. నెలకు 26 పనిదినాలుగా లెక్క కడతారు. 150ని 26తో భాగించి, 75 రోజులతో హెచ్చిస్తే 432 దినార్ల 692 ఫిల్సులు. తర్వాతి మూడేళ్లకు 450 దినార్లు. మొత్తం 882 దినార్ల 692 ఫిల్సులు. దినారుకు వెయ్యి ఫిల్సులు. అతనే మానేస్తే, ఐదు నుంచి పదేళ్ల లోపు సర్వీసు కాబట్టి, ఇందులో మూడింట రెండు వంతులు చాలు.

ఈ చివరి వాక్యం చదివిన యజమానుల్లో కొందరికి ఒక ఆలోచన వస్తుంది. పనివాణ్ని తీసేయడం కన్నా, అతనే మానేసేలా చేయడం చవక. ఈ ఆలోచన కొత్తది కాదు, అక్కడి కార్మిక శాఖ అధికారులు విననిది అంతకన్నా కాదు. ఇక పెళ్లిళ్లలో రెండు కుటుంబాలూ ఎదురుపడక తప్పదు గనుక, బామ్మర్ది విషయంలో ఈ పొదుపు ఖరీదు ఫిల్సుల్లో తేలదు.

డబ్బు ఇక్కడి నుంచే పంపాలనుకునే వారికి మరో చట్టం ఉంది, 1999 నాటి ఫెమా, అంటే విదేశీ మారకం నిర్వహణ చట్టం. దేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపవచ్చు. అక్కడ కంపెనీలో వాటా పెడితే 2022 నాటి విదేశీ పెట్టుబడుల నిబంధనలు వర్తిస్తాయి, బ్యాంకు ద్వారా రిజర్వు బ్యాంకుకు లెక్క చెప్పాలి. కువైట్‌లో ఉంటూ సంపాదించింది అక్కడే పెడితే ఈ తంటా దాదాపు ఉండదు. మన టీకొట్టాయన ఈ ఒక్క విషయంలో అదృష్టవంతుడు.

51 శాతం సంగతి విన్నప్పుడు మనకు కోపం రావడం సహజం. కష్టం మనది, పేరు వాళ్లదా అనిపిస్తుంది. ఇలా అడిగేది కువైట్ ఒక్కటే కాదు. సౌదీలో 2011 నుంచి నితాకత్ ఉంది, స్థానికులను ఎంతమందిని పెట్టుకున్నారన్న దాన్ని బట్టి కంపెనీలకు ఎరుపు, ఆకుపచ్చ లాంటి రంగులు వేసే పద్ధతి. యూఏఈలో 2022 నుంచి 50 మంది అంతకు మించి పనివాళ్లున్న కంపెనీలు నైపుణ్యపు ఉద్యోగాల్లో స్వదేశీయులను ఏటా 2 శాతం చొప్పున పెంచాలి, లేకపోతే జరిమానా.

ఈ కోపంతోనే పెనుకొండ దాకా వెళదాం. కొరియా నుంచి కియా వచ్చి, 2017 ఏప్రిల్లో ఒప్పందం చేసుకుని, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏడాదికి మూడు లక్షల కార్ల కర్మాగారం కట్టింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. దానికి ఒక నెల ముందే మన శాసనసభ ఒక చట్టం చేసింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలి. నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకకపోతే నేర్పించి మరీ ఇవ్వాలి. కువైట్ అడిగింది 51. మనం అడిగింది 75. అక్కడిది వాటా, ఇక్కడిది ఉద్యోగం, రెండూ ఒకటి కావన్నది నిజమే. కానీ గడప దాటి వచ్చినవాడి వ్యాపారంలో ఇంటివాళ్లకు భాగం ఉండాలన్న మాట రెండు చోట్లా ఒకటే. మనం అడిగితే హక్కు, వాళ్లు అడిగితే అన్యాయం అనగలగడానికి పాస్‌పోర్టు ఒక్కటే ఆధారం.

స్థానికులను పెట్టుకున్నా, స్థానికేతరులను పెట్టుకున్నా, నమ్మకం మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యేది కాదు. 2025లో ఆ కర్మాగారం నుంచి కొన్నేళ్ల వ్యవధిలో సుమారు 900 ఇంజన్లు మాయమయ్యాయని పెనుకొండ పోలీసులకు ఫిర్యాదు అందింది. కారు ఇంజను అన్నం క్యారియర్‌లో పట్టే వస్తువు కాదు.

చివరికి మూసివేత. కొట్టు షట్టరు దించి విమానం ఎక్కితే వ్యాపారం ముగిసినట్టు కాదు. లైసెన్సు రద్దు చేయించాలి. దుకాణం అద్దె, కరెంటు బిల్లు తీర్చాలి. ఆ లైసెన్సు మీద వచ్చిన ప్రతి మనిషి అకామా, అంటే నివాస అనుమతి, రద్దు చేయించాలి లేదా వేరే యజమానికి మార్పించాలి. అది జరగకపోతే ఆ మనిషి ‘కల్లివెల్లి’ అవుతాడు, కాగితాలు లేకుండా తిరిగేవాళ్లకు అక్కడి మనవాళ్ల పేరు. ఇండెమ్నిటీ చెల్లించి రసీదు మీద సంతకం తీసుకోవాలి. బాకీ ఉండి కేసు పడితే విమానాశ్రయంలోనే ఆపుతారు. ఇవన్నీ తేలాక టికెట్లు కొనవచ్చు. తిరిగి వచ్చే బామ్మర్ది టికెట్ ఖర్చు కూడా యజమానిదే.