పద్దుల్లో ముసలివి, పట్టాల మీద పడుచువి

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని సామెత. బళేపేటలో కాపురం ఉన్నవాళ్ళు ఈ మాట అంత తొందరగా ఒప్పుకోరు. గాజుల పేరు పెట్టుకున్న మన పేటలో గాజుల కంటే వాద్యాల అంగళ్ళకే పేరెక్కువ. తాతగారి వీణకు కొత్త మైనం పోసి మెట్లు సర్దుకుని, అరిగిన హార్మోనియానికి తిత్తి మార్చుకుని పట్టుకెళ్ళేవాళ్ళను ఇక్కడ రోజూ చూస్తాం. వాద్యం వయసు ఎవరూ అడగరు. పలుకుతుందా లేదా అన్నదే ప్రశ్న.

మన పేట నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న సిటీ రైల్వే స్టేషన్ విషయంలోనూ ఇదే ప్రశ్న వేసుకోవచ్చు. మనలో చాలామంది చిన్నప్పుడు హిందూపురానికో, ధర్మవరానికో, గుంతకల్లుకో పోయింది డీజిల్ ఇంజను వెనకాలే. ముందుకు పొడుచుకొచ్చిన పొడవాటి ముక్కు, నల్లటి పొగ, గుండెల్లో మోగే ఆ దడదడ గుర్తుండే ఉంటాయి. వాటిని ‘ఆల్కో’ ఇంజన్లంటారు. అవన్నీ పోయాయనుకుంటున్నారా? పోలేదు. ఆ జాతివి కొన్ని ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

కంపెనీ పోయింది, ఇంజను మిగిలింది

ఆల్కో అంటే అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో దాని కార్ఖానా. 1962లో అక్కడి నుంచి మనకు 2,600 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్లు వచ్చాయి. వాటిని మనమే తయారుచేసుకునేందుకు వారణాసిలో డీజిల్ కార్ఖానా పెట్టారు. 1964 జనవరిలో అక్కడ మొదటి ఇంజను బయటికొచ్చింది. పేరు ‘కుందన్’. రైల్వే వారి భాషలో ఆ రకం డబ్ల్యూడీఎం-2. అటు అమెరికాలో ఆ కంపెనీ 1969లో ఇంజన్ల తయారీ మానేసింది. ఇటు వారణాసిలో మాత్రం డబ్ల్యూడీఎం-2 తయారీ 1990ల చివరిదాకా సాగింది. ఆ రకం ఒక్కటే రెండున్నర వేలకు పైగా పట్టాలెక్కింది. దాని మీద మెరుగులు దిద్దిన 3,100, 3,300 హార్స్‌పవర్ రకాలు తర్వాత వచ్చాయి. పుట్టింట్లో దీపం ఆరినా అత్తింట్లో వంశం వృద్ధి చెందిందన్నమాట.

ఇంతకీ డీజిల్ ఇంజను తిన్నగా చక్రాలను తిప్పదు. పదహారు సిలిండర్ల యంత్రం జనరేటరును తిప్పుతుంది. ఆ కరెంటు ఇరుసుల దగ్గరున్న మోటార్లకు పోతుంది. అంటే అది తన కరెంటు తానే పుట్టించుకుంటూ పరుగెత్తే 112 టన్నుల పవర్‌హౌస్. పైన తీగ అక్కర్లేదు. టాంకులో అయిదు వేల లీటర్ల డీజిల్ పడుతుంది.

మరి ఆ నల్ల పొగ ఎందుకని, పెన్షను పనిమీద మా బ్యాంకుకు వచ్చే ఒక రిటైర్డ్ డ్రైవరు గారిని అడిగాను. ఆయనది గుత్తి వైపు.

“ఆకలెక్కువ, ఊపిరి తక్కువ సార్. హ్యాండిల్ తిప్పంగానే నూనె పోతుంది, గాలి అందేదానికి కొంచెం టైం పడుతుంది. ఆ మధ్యలో వచ్చేదే పొగ” అన్నారు.

నిజమే. గాలి నింపే టర్బో పొగ గొట్టంలోంచి పోయే వాయువుల బలంతోనే తిరుగుతుంది. అది వేగం పుంజుకునేదాకా నూనె పూర్తిగా కాలదు. శబ్దం విని ఏ సిలిండరు అలిగిందో చెప్పేవాళ్ళం అని కూడా అన్నారాయన. ఆ చెవి ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆస్తి విలువ ఎంత?

నేను కామర్స్ చదివినవాణ్ణి. ఏ యంత్రాన్ని చూసినా ముందు తరుగుదల గుర్తొస్తుంది. ఏడాదికి ఇంతని కొట్టేసుకుంటూ పోతే ఒకనాటికి పద్దులో విలువ దాదాపు సున్నా. కానీ పద్దు రాసే చేయి వేరు, స్పానరు పట్టే చేయి వేరు. ఈ ఇంజన్లను సుమారు 18 ఏళ్ళు తిరిగాక పంజాబ్‌లోని పాటియాలా కార్ఖానాకు పంపేవారు. అక్కడ విప్పదీసి, మళ్ళీ కట్టి, 2,600 హార్స్‌పవర్‌ను 3,100కు పెంచి పంపేవారు. మనిషికి నడివయసులో బలం పెరగడం ఎక్కడైనా విన్నామా?

ఈనాడు బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నీ కరెంటు కిందికి వచ్చేశాయి. మన కృష్ణరాజపురం డీజిల్ షెడ్డే కరెంటు ఇంజన్లను కూడా చూసుకుంటోంది. పాత ఆల్కోలు చాలావరకు తుక్కు కిందికి పోయాయి. మిగిలినవి యార్డుల్లో పెట్టెలు సర్దడం, ఆగిపోయిన రైలును లాక్కురావడం వంటి పనులు చేస్తున్నాయి. ప్రయాణికులతో నిత్యం నడిచే ఆల్కోను చూడాలంటే ఊటీకి వెళ్ళండి. కూనూరు దాకా కొండ కింది భాగంలో పొగబండి, కూనూరు నుంచి ఊటీకి మీటర్‌గేజ్ డీజిల్. ఆ డీజిల్ కూడా ఆల్కో సంతానమే.

పొరుగు దేశాల సంగతి చూడండి. కొలంబో పథకం కింద కెనడా 1954లో శ్రీలంకకు ఇవ్వడం మొదలుపెట్టిన డీజిల్ ఇంజన్లకు ఆ దేశపు రాష్ట్రాల పేర్లు పెట్టారు. ఒంటారియో, అల్బర్టా వంటి పేర్లతో అవి డెబ్భై ఏళ్ళ సర్వీసు చేశాయి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ దగ్గర ఒక చిన్న రైల్వే కంపెనీ ఆల్కోలతోనే సరుకు రవాణా చేస్తోంది. మనవాళ్ళ పిల్లలు ఆ వైపు ఉంటే ఓ ఆదివారం చూసి రావచ్చు. మనకు అక్కర్లేకుండా పోయిన ఆల్కో రకం ఇంజన్లను 2020లో పది, 2023లో ఇరవై బంగ్లాదేశ్‌కు ఇచ్చాం. అక్కడ అవి రైళ్ళు లాగుతున్నాయి.

ఖాళీగా ఉన్నా ఖర్చు కాదు

కరెంటు రైలు వద్దని నా వాదన కాదు. దానికి ఖర్చు తక్కువ, ఊళ్ళో పొగ లేదు, విదేశీ చమురు బిల్లు తగ్గుతుంది. అయితే 2012 జులైలో ఉత్తరాది గ్రిడ్డు కూలినప్పుడు మూడు వందలకు పైగా రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. తీగ తెగిన చోట బండిని కదిలించగలిగేది తన కరెంటు తాను పుట్టించుకునే ఇంజనే. అందుకే అత్యవసరాలకు కొన్ని డీజిళ్ళను ఉంచుకోవాలని రైల్వే కూడా అనుకుంటోంది.

ప్రతి బ్యాంకూ డిపాజిట్లలో కొంత భాగం రిజర్వు బ్యాంకు దగ్గర పెడుతుంది. దాని మీద పైసా వడ్డీ రాదు. అయినా అది దండగ కాదు. షెడ్డులో నిలబడ్డ డీజిల్ ఇంజను కూడా అటువంటి నిల్వే. ఒక్కటే తేడా. నగదు పెట్టెలో ఉంటే చాలు, ఇంజనును మాత్రం తిప్పుతూ ఉండాలి. తిప్పడం తెలిసినవాళ్ళు ఉండాలి. గుత్తి, కాజీపేట, మౌలాలి, విశాఖ షెడ్లలో చేతులు నల్లబడ్డ మనవాళ్ళు ఎందరో ఇప్పటికే రిటైరయ్యారు. ఇనుమును తుక్కుగా అమ్మితే ఎంతో కొంత వస్తుంది. ఆ చెవి, ఆ చేయి పోతే ఏ ధరకూ తిరిగి రావు.

మన సంఘం సభ్యుల్లోనూ, బంధువుల్లోనూ అలాంటి రైల్వే పెద్దలు ఉంటారు. ఈసారి కలిసినప్పుడు కుశలప్రశ్నలతో ఆపకండి. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని వారి ఇంజను కథ అడగండి, వీలైతే రాసి పెట్టండి.