కట్టుడు పళ్లకూ రాత్రి సెలవు కావాలి

చేర్యాల: జొన్నరొట్టెను చారులో నానబెట్టుకుని, సకినాలను రోట్లో దంచుకుని తినే పెద్దలు మన పల్లెల్లో కొత్త కాదు. పళ్లు ఊడడం వయసుతో వచ్చేదేనని సరిపెట్టుకునేవారు కొందరు. వేలు వెచ్చించి కట్టించుకున్న సెట్టును డబ్బాలో దాచి పెండ్లిళ్లకు, పండుగలకు మాత్రమే పెట్టుకునేవారు మరికొందరు. ఇంకొందరు రాత్రింబవళ్లు నోటి నుంచి తీయనే తీయరు. నమలలేక పప్పులు, కూరగాయలు, మాంసం మానేసి జావతో సరిపెట్టుకునే వృద్ధులు క్రమంగా నీరసిస్తారు కనుక ఇది అందచందాలకు సంబంధించిన విషయం కాదు.

ఎముక తరుగుతుంది

పన్ను తీసిన చోట దవడ ఎముక క్రమంగా తరిగిపోతుంది. మొదటి ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఈ తరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదించినా ఆగదు. అందుకే పళ్లు తీసిన వెంటనే కాకుండా సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి సెట్టు కడతారు. మొదట్లో చక్కగా అమరిన సెట్టు నాలుగైదేళ్లకు వదులవడానికి కూడా కారణం ఇదే. సెట్టు మారలేదు, దవడ మారింది. పైసెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ ఆధారం లేదు, పైగా నాలుక కదిలిస్తూ ఉంటుంది. కింది దవడ తరుగుదల కూడా ఎక్కువే. అందువల్ల ఫిర్యాదులు ఎక్కువగా కింది సెట్టుపైనే వస్తాయి.

కట్టుడు పళ్లు సొంత పళ్లకు సాటిరావు. నమిలే బలం నాలుగో వంతుకు మించదు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1789లో పదవి చేపట్టేనాటికి ఆయనకు మిగిలింది ఒకే ఒక సొంత పన్ను. నీటిగుర్రం దంతంతో చేసిన సెట్టుతో ఆయన పడిన అవస్థ ఇంతా అంతా కాదు. 1930ల చివర్లో వచ్చిన యాక్రిలిక్ ఆ బాధను చాలావరకు తగ్గించింది.

ఒక్క పూటలో కట్టేవారితో జాగ్రత్త

సరైన సెట్టుకు నాలుగైదు సార్లు వెళ్లక తప్పదు. మొదట అచ్చు, తర్వాత సరిచూసే మరో అచ్చు, మైనపు దిమ్మెలతో దవడల కొలత, మైనంపై అమర్చిన పళ్లను నోట్లో పెట్టి చూడడం, చివరికి సెట్టు అందజేయడం. సంతల్లో, రోడ్డు పక్కన గంటలో పని ముగించేవారు పొడి, ద్రవం కలిపి నోట్లోనే గట్టిపరిచి పక్క పళ్లకు తీగ చుడతారు. అది తీయడానికి రాదు. కింద అన్నం మెతుకులు కుళ్లి, చీము పట్టి, గట్టిగా ఉన్న పక్క పళ్లు కూడా కదులుతాయి. చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివారు దంతవైద్యం చేయడం నేరం.

మొదటి నెల ఓపిక

కొత్త సెట్టుతో నోరు ఊరుతుంది, మాట తడబడుతుంది. రోజూ పేపరు బిగ్గరగా చదివితే మాట కుదుటపడుతుంది. మెత్తని అన్నం, పప్పుతో మొదలుపెట్టి చిన్న ముద్దలను రెండు వైపులా నమలాలి. మక్క కంకిని ముందుపళ్లతో కొరికితే సెట్టు లేచిపోతుంది, గింజలు ఒలుచుకుని తినడం మేలు. ఎక్కడైనా ఒరుసుకుని పుండు పడితే ఇంట్లో ఆకురాయి పట్టరాదు. సెట్టు తీసి ఉంచి, డాక్టరు వద్దకు వెళ్లే ముందు కొన్ని గంటలు పెట్టుకోవాలి. అప్పుడే ఒరిసే చోటు కచ్చితంగా కనిపిస్తుంది.

రాత్రి తప్పక తీయాలి. చిగుళ్లకు విశ్రాంతి లేకుంటే అంగిలి ఎర్రబారి బూజు వంటి ఇన్‌ఫెక్షన్ పుడుతుంది. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్టుతోనే నిద్రించేవారికి న్యుమోనియా ముప్పు రెట్టింపునకు పైగా ఉన్నట్లు తేలింది. తీసిన సెట్టును మామూలు నీటి గిన్నెలో ఉంచాలి. ఎండితే ఆకారం మారుతుంది, వేడినీళ్లలో వంగిపోతుంది. పళ్లపొడి, బొగ్గు, ఇటుకపొడి గీతలు పెడతాయి. ఆ గీతల్లోనే సూక్ష్మజీవులు చేరతాయి. మెత్తని బ్రష్షు, సబ్బు చాలు. కింద నీళ్ల తొట్టెగానీ మడిచిన తువ్వాలుగానీ ఉంచుకుని కడిగితే చేజారినా పగలదు. చిగుళ్లను, నాలుకను తడిగుడ్డతో తుడవాలి.

బీడీ, తంబాకు అలవాటున్నవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. రెండు మూడు వారాలకూ మానని పుండును సెట్టు ఒరుపేనని వదిలేయరాదు. క్యాన్సర్ కాదని పరీక్షలో తేలాలి. నోట్లో ఒక్క పన్ను లేకున్నా ఏడాదికోసారి చూపించుకోవాలి.

ప్రైవేటు ఖర్చు భరించలేనివారు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రికి వెళ్లవచ్చు. పలుమార్లు తిరగాల్సి ఉంటుంది కనుక తదుపరి తేదీలను చీటీపై రాయించుకుంటే బస్సు చార్జీలు వృథా కావు. షుగరు, రక్తం పలుచబడే మందులు వాడేవారు పళ్లు తీయించుకునే ముందే ఆ మాట చెప్పాలి. పాత సెట్టు విరిగి ఉంటే జిగురుతో అతికించకుండా, ముక్కలన్నీ ఏరి గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లాలి. చాలాసార్లు వాటినే బాగుచేసి ఇస్తారు.