బొమ్మ ఎందుకు పడలేదు?

"ఒరేయ్ తమ్ముడూ! మాటలు వినపడుతున్నాయి గానీ బొమ్మ కనపడటం లేదేంట్రా?"

మా షార్ట్ ఫిల్మ్ విడుదలైన రాత్రి మా అక్క ఫోన్ చేసి అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఇది. పద్దెనిమిది నిమిషాల చిత్రం. మాటలు రాసింది నేను. డైరెక్టరు మిత్రుడైతే బైకు అమ్మి మరీ తీశాడు. యూట్యూబ్‌లో పెడితే జనం పక్క వీడియోల్లోకి జారుకుంటారని, సొంత వెబ్‌సైట్‌లోనే వేద్దామని అతగాడి పట్టుదల. ప్లేయరు ఎంపిక నాకు అప్పజెప్పాడు. నేనేం చేశాను? పోస్టరు చూసి సినిమాకి పరిగెత్తినట్టు, మెరిసే బటన్లు చూసి ఓ ప్లేయర్ని పట్టుకొచ్చాను!

అక్కలాగే ఇంకో పదిమంది ఫోన్లు. కొందరికి బొమ్మ పడింది గానీ, మధ్యలో చక్రం తిరుగుతూ కూర్చుంది. మిత్రుడు నాతో మాట్లాడటం మానేశాడు. కంగారులో ఆ రాత్రే ప్లేయరు మార్చేశాను. ఊహూఁ... అదే తంతు!

తీరా చూస్తే దోషం ప్లేయరుది కాదు, రీలుది! ప్లేయరంటే ప్రొజెక్టరు లాంటిదే కదా. సరిపడని రీలు ఎక్కిస్తే తెర మీద ఏముంటుంది చెప్పండి? మేం ఎక్కించింది హెచ్.265 పద్ధతిలో కుదించిన ఫైలు. సైజు తగ్గుతుంది నిజమే, కానీ పాత ఫోన్లు చాలావాటిలో బ్రౌజరుకి అది మింగుడుపడదు. శబ్దం వేరే పద్ధతిలో ఉంటుంది గనుక మాటలు మాత్రం వచ్చేస్తాయి! హెచ్.264 అయితే దాదాపు అన్నిచోట్లా ఆడుతుంది.

చక్రం కథ వేరు. వైఫై ఉన్నవాడికీ, డాబా ఎక్కి సిగ్నల్ వెతుక్కునేవాడికీ ఒకే పెద్ద ఫైలు వడ్డించాం. దీనికి మందు 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్.ఎల్.ఎస్. పద్ధతి. సినిమాని కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ రెండు మూడు నాణ్యతల్లో ఉంచుతారు. నెట్ వేగాన్ని బట్టి ఏ ముక్క తేవాలో ప్లేయరే చూసుకుంటుంది, పాత టాకీసులో ఆట ఆగకుండా రీలు మార్చే ఆపరేటరు మాదిరి! ఐఫోన్‌లోని సఫారీ ఈ ముక్కల్ని తనంతట తానే ఆడిస్తుంది. మిగతా బ్రౌజర్లలో నమ్మకంగా ఆడాలంటే ప్లేయరు సాయం కావాల్సిందే. కనక ప్లేయర్ని ముందు అడగాల్సింది సోకుల సంగతి కాదు, ఈ సంగతి.

ప్లైర్ అనే ప్లేయరు భలే సొగసుగా ఉంటుంది గానీ, హెచ్.ఎల్.ఎస్.జెఎస్ అనే తోడుని మనమే జతచెయ్యాలి. 2010లో వచ్చిన వీడియో.జెఎస్ నా కంటికి కాస్త మొరటే. అయితేనేం, ఏడో వెర్షన్ నుంచీ ఆ విద్య దాని కడుపులోనే ఉంది. రెండూ ఉచితం. సబ్‌టైటిల్స్ రెంటిలోనూ పడతాయి. మేం మొరటుదాన్నే ఎంచుకున్నాం.

అన్నట్టు, పేజీ తెరవగానే మ్యూజిక్‌తో సహా సినిమా మొదలవ్వాలని మావాడు ఒకటే గొడవ. 2018 నుంచి క్రోమ్ దానికి అడ్డుపడుతోంది నాయనా, ప్రేక్షకుడు ముందు వేలు పెట్టాలి అని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు.

వారం తిరక్కుండా మళ్ళీ వేశాం. అక్క ఫోన్ చేసింది.

"బొమ్మ బాగానే పడిందిరా. మాటలే మరీ ఎక్కువయ్యాయి!"