స్కోపుతో ముగియు పదములు

ఆంగ్లభాషలో టెలిస్కోపు, మైక్రోస్కోపు, స్టెతస్కోపు మున్నగు పదములు కలవు. వీని చివరనున్న 'స్కోపు', చూచుట, పరీక్షించుట అను అర్థములుగల గ్రీకు ధాతువునుండి పుట్టినది. 'టెలి' యనగా దూరము. 'మైక్రో' యనగా సూక్ష్మము. కావుననే వానిని మనము దూరదర్శిని, సూక్ష్మదర్శిని అనుచున్నాము. మన పదములకును చివర 'దర్శిని' యొక్కటియే.

'స్టెతస్' అనగా రొమ్ము. కాని స్టెతస్కోపుతో వైద్యుడు చూడడు, వినును గదా! ఆ పేరెట్లు వచ్చెను?

1816వ సంవత్సరమున పారిస్ నగరములో లెనెక్ అను వైద్యుడు హృద్రోగముగల యొక యువతిని పరీక్షింపవలసి వచ్చెను. ఆమె రొమ్ముపై చెవి యానించుట మర్యాదగా తోచలేదు. అతడు కాగితములను గొట్టముగా చుట్టి, ఒక కొనను ఆమె యెదపై నుంచి, రెండవ కొనకు చెవి యొగ్గెను. గుండెచప్పుడు మునుపెన్నడును విననంత స్పష్టముగా వినవచ్చెను. పిమ్మట అతడు కొయ్యతో గొట్టమును చేయించి దానికి స్టెతస్కోపు అని పేరిడెను. కంటికి కనబడని గుండెను, ఊపిరితిత్తులను చెవితో పరీక్షించుటయు నొకవిధమైన చూపే కదా!

ఆ సాధనముతో క్షయరోగ లక్షణములను వివరించిన లెనెక్, 1826లో ఆ క్షయవలననే మరణించెను. అతడిడిన పేరు మాత్రము నేటికిని వైద్యశాలలన్నింట వినబడుచున్నది.