మూడో వరుస సీటు ఎక్కడి నుంచి వచ్చింది?

చింతూరు సెంటర్లో ఒక అరగంట నిలబడితే చాలు, మూడు వరుసల సీట్ల బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ కళ్ల ముందే నడిచిపోతాయి. విజయవాడ, భద్రాచలం వైపు నుంచి వచ్చి కుంట, జగ్దల్‌పూర్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఇక్కడి మీదుగానే పోతుంది. మోటు, మల్కనగిరి వైపు వెళ్లే 326 ఇక్కడే కలుస్తుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కి రాజమండ్రి వైపు దిగే రోడ్డూ ఇక్కడి నుంచే. ఆఫీసర్ల తెల్ల బొలెరో, జలపాతాలు చూడ్డానికి వచ్చిన వాళ్ల ఇన్నోవా, లోపల చోటు లేక నలుగురు వెనక వేలాడుతున్న సర్వీసు జీపు, మైదానం నుంచి షోరూం మెరుపు పోకుండా వచ్చిన ఎక్స్‌యూవీ ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటాయి. ఇవన్నీ ఒకే వంశం. షోరూంలో అమ్మేవాళ్లు "ఫ్యామిలీ బండి" అంటారుగానీ, దీని తాతముత్తాతల్లో ఒక్కటీ కుటుంబం కోసం పుట్టలేదు. ఆ సంగతి ఘాట్ రోడ్డు మీద బయటపడుతుంది.

మొదటిది అమెరికాలో పుట్టింది. 1935లో షెవర్లే కంపెనీ అర టన్ను లారీ ఛాసిస్ మీద కిటికీలున్న ఇనుప బాడీ బిగించి, ఎనిమిది మంది కూర్చునేలా సీట్లు వేసి, సబర్బన్ అని అమ్మింది. అవసరమైతే సీట్లు తీసేసి సరుకు వేసుకోవచ్చు. అదే పేరుతో ఆ బండి ఇప్పటికీ అమ్ముడవుతోంది. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తున్నారనగానే వెతికే పెద్ద బండ్ల వంశానికి అదే ఆద్యం. జార్జియాలో తయారయ్యే కియా టెల్యూరైడ్ దాకా ఆ వరస సాగింది.

మన దేశానికి వచ్చిన శాఖ మాత్రం యుద్ధంలోంచి వచ్చింది. 1940లో అమెరికా సైన్యం పావు టన్ను మోసే చిన్న బండి కావాలంది. బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరు నమూనా గీశాడు. విల్లీస్ కంపెనీ 60 గుర్రాల శక్తి ఇంజిన్ ఇచ్చింది. ఫోర్డ్ కూడా చేతులు కలిపింది. యుద్ధం ముగిసేసరికి 6 లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి పెట్టిన మహీంద్రా అండ్ మహమ్మద్ సంస్థ, 1947లో విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. దేశ విభజనతో గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది.

ఆ జీపు ముందు ఇద్దరికి, వెనక ఇద్దరికి. దాన్ని పదిమంది బండిగా మార్చింది దాని కింద ఉన్న నిచ్చెన. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డపట్టీలు. ఇంజిన్, గేర్‌బాక్సు, ఇరుసులు అన్నీ దానికే బిగుస్తాయి. పైన బాడీ ఉన్నా లేకపోయినా బండి నడుస్తుంది. అందుకే పొడుగు చేయడం తేలిక: దూలాలు సాగదీసి, వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు వేస్తే చాలు. 1990ల్లో ఏజెన్సీ అంతా తిరిగిన కమాండర్, మార్షల్ జీపులు అలా వచ్చినవే. ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో దగ్గర నేర్చిన డీజిల్ ఇంజిన్ మందకొడిగా నడిచేది. కానీ తక్కువ వేగంలోనే ఈడ్చే బలం ఉండేది. కొండ మీది బండికి కావాల్సింది అదే. వెనక కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. బరువు పెరిగేకొద్దీ పట్టీలు ఒక్కొక్కటిగా పనిలోకి వస్తాయి. ఖాళీగా పోతే ఎముకలు కదిలిపోతాయి, నిండుగా పోతే మెత్తగా ఉంటుంది. సంత రోజున చింతపండు బస్తాలు, కోళ్ల గంపలు, వాటి మధ్య మనుషులు. ఆ జీపుకు నిండుదనమే సహజ స్థితి.

టాటా వాళ్లు 1994లో సుమో తెచ్చారు. అదీ ఛాసిస్ మీద పెట్టిన బాడీయే. సీమ కక్షల సినిమాల్లో గాల్లోకి లేచి పేలిపోయిన సుమోలను లెక్కపెడితే ఫ్యాక్టరీలో తయారైన వాటికంటే ఎక్కువే తేలతాయేమో. 2000లో టయోటా క్వాలిస్ వచ్చింది. ఇండోనేషియాలో 1977లో సరుకు బండిగా మొదలైన కిజాంగ్‌కు అది వారసురాలు. 2005లో దాని స్థానంలోకి వచ్చిన ఇన్నోవాకు కూడా హైలక్స్ అనే పికప్ ట్రక్కుతో రక్తసంబంధం ఉంది. అందరూ కారే అనుకున్నారు, అది మాత్రం మర్యాద నేర్చిన ట్రక్కు.

2000లోనే బొలెరో వచ్చింది. ఇదొక్కటీ కొంచెం ఆగి చూడాల్సిన యంత్రం. ముందు రెండు వరుసలూ మామూలుగానే ఉంటాయి. వెనక డోర్ తీస్తే రెండు మడత సీట్లు ఒకదానికొకటి ఎదురుగా, రోడ్డుకు పక్కగా ఉంటాయి. అది కమాండర్ బెంచీకి మిగిలిన ఆనవాలు. బండి పొడవు 3,995 మిల్లీమీటర్లు. ఆ అయిదు మిల్లీమీటర్ల లోటు వెనక ఉన్నది పన్ను. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉంటే పన్ను తక్కువ. అందుకే బంపర్లు కుదించారు, 2016లో 2523 సీసీ ఇంజిన్‌కు తోడు 1493 సీసీ ఇంజిన్‌తో మరో బొలెరో తెచ్చారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఆ గీత లోపలి బండికి 18 శాతం, గీత దాటిన బండికి 40 శాతం. మూడో వరుసలో కూర్చున్న మనిషి మోకాళ్లు గడ్డానికి తగలడంలో ఇంజినీరు పాత్ర ఎంతో, ఢిల్లీ పన్నుల శాఖ పాత్ర కూడా అంతే.

2011లో ఎక్స్‌యూవీ 500లో మహీంద్రా నిచ్చెన వదిలేసింది. బాడీయే అస్థిపంజరంగా, ఉక్కు రేకులను పెట్టెలా కలిపి అతికిన నిర్మాణం ఇది. బరువు తగ్గుతుంది, నేల కిందికి దిగుతుంది, గుద్దుకున్నప్పుడు ముందు భాగం ఒక పద్ధతిలో నలిగి దెబ్బను మింగుతుంది. 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ 700, 2022 చివర్లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ ఈ బాటలోనివే. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2022 నుంచి తయారవుతున్న క్యారెన్స్ కూడా అంతే. ఉమ్మడి అనంతపురం నేల మీద మూడు వరుసల బండి పుట్టి దేశమంతా తిరుగుతోందంటే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఇప్పుడు ఏడుగురిని ఎక్కించుకుని చింతూరు నుంచి తులసిపాక మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కుదాం. ఎక్కడంలో పెద్ద చిక్కు ఉండదు, ఇంజిన్ చూసుకుంటుంది. అసలు లెక్క దిగేటప్పుడు. మనుషులతో, సామానుతో కలిపి 2,500 కిలోలున్న బండి 300 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. అది వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 73 లక్షల జౌళ్లు. 25 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా తీసుకురావడానికి సరిపోయే వేడి అది. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే అందులో చాలా భాగం నాలుగు చక్రాల దగ్గరి డిస్కులు, డ్రమ్ముల్లోకే పోవాలి. ఒక వాసన వస్తుంది, మాడిన రబ్బరులా. అప్పటికే ఆలస్యమైనట్టు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరుగుతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. పేపర్లలో "బ్రేకులు ఫెయిలై" అని రాసే ప్రమాదాల్లో కొన్నింటి వెనక జరిగేది ఇదే.

పాత జీపు డ్రైవర్లకు ఈ భౌతికశాస్త్రం నోటి మాటగా తెలుసు. ఎక్కేటప్పుడు ఏ గేరు వేశామో దిగేటప్పుడూ అదే గేరు, న్యూట్రల్ మాట ఎత్తొద్దు అంటారు. చిన్న గేరులో చక్రాలే ఇంజిన్‌ను తిప్పాల్సి వస్తుంది, ఆ రాపిడి, గాలి ఒత్తిడి బండిని పట్టి ఉంచుతాయి, వేడి రేడియేటర్ గుండా, సైలెన్సర్ గుండా పోతుంది. ఆటోమేటిక్ బండి కొన్నవాళ్లు ఈ సంగతి మర్చిపోతున్నారు. వాళ్ల లివరుతోనూ చిన్న గేరు ఎంచుకునే వీలుంటుంది, దాన్ని వాడాలి.

రెండో చిక్కు బోల్తా పడే గుణం. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. మామూలు కార్లకు అది 1.3 నుంచి 1.5 వరకు, ఎత్తయిన బండ్లకు 1.0 నుంచి 1.3 వరకు ఉంటుందని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ లెక్క. తక్కువైతే మలుపులో ముందే తూలుతుంది. మూడో వరుసలో ముగ్గురు ఎక్కి, టాప్ మీద క్యారియర్‌లో బ్యాగులు కడితే ఆ సంఖ్య ఇంకా పడిపోతుంది. పైగా వాళ్ల బరువు వెనక ఇరుసు మీదో, దాని వెనకో పడుతుంది. ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. అదే సంస్థ 2001లో పదిహేను మంది పట్టే వ్యాన్లను పరిశీలించి, పది మందికి మించి ఎక్కినప్పుడు బోల్తా ముప్పు అయిదుగురి లోపు ఉన్నప్పటికంటే దాదాపు మూడింతలని తేల్చింది. 2019 అక్టోబరులో కర్ణాటక పర్యాటకుల వాహనం ఈ మారేడుమిల్లి, చింతూరు ఘాట్‌లోనే లోయలో పడి పలువురు చనిపోయారు. ఈ రోడ్డు ఎవరి బండినీ ప్రత్యేకంగా చూడదు.

మూడో వరుసలో కూర్చున్న పిల్లలు వాంతి చేసుకోవడానికీ కారణం ఉంది. ఇరుసు మీద, దాని వెనక కూర్చున్నవాళ్లకు కుదుపూ ఊపూ ఎక్కువ. ముందు సీట్లు అడ్డం, పక్క అద్దం చిన్నది, రోడ్డు కనిపించదు. చెవిలోని సమతుల్య ద్రవం తిరుగుతున్నామంటుంది, కన్ను కదలడం లేదంటుంది. ఆ తగాదా కడుపులో తేలుతుంది. పక్కకు తిరిగిన సీట్లలో ఇంకా ఘోరం. బండి గుద్దుకుంటే అక్కడున్న శరీరం పక్కకు విసిరేసినట్టు పోతుంది. భుజం మీదుగా వచ్చే బెల్టు ముందుకు చూసి కూర్చున్న మనిషి కోసం తయారైంది. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 138వ నియమం కూడా ముందుకు తిరిగిన సీట్లకే బెల్టు తప్పనిసరి చేసింది. నన్నడిగితే, పిల్లల్ని ఆ పక్క సీట్లలో కూర్చోబెట్టకూడదు, ఎంత దగ్గరి ఊరైనా సరే.

ఇక నీళ్లు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు, కూనవరం దగ్గర కలవాల్సిన శబరి వెనక్కి తన్ని చింతూరును ముంచింది. పెద్ద బండి, ఎత్తయిన చక్రాలు, దాటిపోదాం అనిపిస్తుంది. బండి అడుగు వైశాల్యం సుమారు ఎనిమిది చదరపు మీటర్లు. ఆ అడుగుకు పైన ప్రతి పది సెంటీమీటర్ల నీటికి 800 కిలోల తేలే బలం పుడుతుంది. లోపలికి నీరు చేరేలోపు పాతిక సెంటీమీటర్లు పెరిగితే రెండు టన్నుల బండి బరువు మాయమైనట్టే. చక్రాలకు పట్టు ఉండదు, ప్రవాహం ఎటు తోస్తే అటు. రెండు అడుగుల పారే నీళ్లు ఎస్‌యూవీలను కూడా ఈడ్చుకుపోతాయని అమెరికా వాతావరణ శాఖ ఊరికే చెప్పడం లేదు.

కొనబోయేవాళ్లకు నా మాట ఇది. టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే పోకండి. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి, మూడో వరుసలో ఇంట్లో అందరికంటే పొడుగు మనిషినీ, పెద్దాయన్నీ ఓ అరగంట కూర్చోబెట్టి, వాళ్లే దిగగలరో లేదో చూడండి. రంగు, సన్‌రూఫ్ తర్వాత. స్టెబిలిటీ కంట్రోల్ ఏ వేరియంట్లో ఉందో, మూడో వరుసకు మూడు బిందువుల బెల్టు, తలకు దిండు ఉన్నాయో లేవో అడగండి. 1995లో మొదటిసారి కార్లలోకి వచ్చిన ఆ స్టెబిలిటీ వ్యవస్థ, బండి అదుపు తప్పబోతుంటే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారికి తెస్తుంది. ఘాట్‌లో దాని విలువ సన్‌రూఫ్ కంటే చాలా ఎక్కువ. బండి పుస్తకంలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. ఏడుగురికి మనిషికి 65 కిలోల చొప్పున 455 పోగా సామానుకు ఎంత మిగిలిందో చూస్తే చాలాసార్లు మీరే ఆశ్చర్యపోతారు. నిండు బరువుకు టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఘాట్ ఎక్కే ముందు, చింతూరు బంకులో ఆగినప్పుడే, అది చదివి గాలి కొట్టించుకోండి.