డైరీలో ఎర్ర సిరా

‘క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదు. తగు శ్రద్ధ వహించగలరు.’ మా మేనల్లుడి ఒకటో తరగతి డైరీలో ఎర్ర సిరాతో పడిన మాట ఇది. కింద వాళ్ల నాన్న సంతకం. రెండు రోజులాగి మళ్లీ అదే మాట, మళ్లీ అదే సంతకం. పది పేజీలు తిప్పి చూశాక అర్థమైంది, ఇది ఉత్తరప్రత్యుత్తరం కాదు, తాఖీదూ రసీదూనని. ఆ రెంటి మధ్యలో వాడి వీపు మీద పడినవాటికి లెక్క లేదు.

పదకొండింటికి బల్ల ఎక్కినవాడికి రాత్రి ఏడింటికి తిట్లు పడితే, ఆరేళ్ల బుర్రలో ఆ రెంటికీ లంకె పడదు. పనికీ దాని ఫలితానికీ నడుమ ఎడం పెరిగేకొద్దీ ఫలితం పట్టు సడలుతుంది. ఇది పెద్దవాళ్లకూ ఉన్నదే. కాకపోతే ముందు జరగబోయేదాన్ని తలచుకుని ఇప్పుడు చెయ్యి ఆపుకోవడంలో పెద్ద పాత్ర నుదుటి వెనకున్న మెదడు భాగానిది, అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది. అది పూర్తిగా పక్వానికి రావడానికి ఇంచుమించు పాతికేళ్లు పడుతుంది. అందుకే మావాడి లెక్కలో నాన్న తిట్టింది బల్ల ఎక్కినందుకు కాదు, డైరీ చూపించినందుకు. మర్నాటి నుంచి డైరీని బళ్లోనే ‘మరిచిపోవడం’ మొదలుపెట్టాడు. ఆ తిట్ల వల్ల వాడు నేర్చుకున్నది అదీ!

ఈ ఎడాన్ని ఒక చిన్న కార్డుతో పూడ్చవచ్చని 1970లో అమెరికాలో బెయిలీ, వుల్ఫ్, ఫిలిప్స్ అనే ముగ్గురు చూపించారు. కాన్సస్ రాష్ట్రంలో ‘అచీవ్‌మెంట్ ప్లేస్’ అని ఒక ఇల్లు ఉండేది. దారి తప్పుతున్న మగపిల్లలను అక్కడ కుటుంబంలాగా పెట్టి పెంచేవారు. వాళ్లు రోజూ లెక్కల క్లాసుకు ఒక కార్డు పట్టుకెళ్లాలి. టీచరు రెండే ప్రశ్నలకు అవుననో కాదనో టిక్కు పెట్టాలి: పీరియడంతా చదివాడా, నియమాలు పాటించాడా? బహుమానం బళ్లో కాదు, ఇంట్లో, అదీ ఆ రోజే. దూరాన ఇంట్లో దొరికే చిన్నచిన్న వెసులుబాట్లు క్లాసులో నడతను మార్చేశాయి. తర్వాత కార్డును మెల్లగా తగ్గించుకుంటూ వచ్చినా చదువు పెద్దగా వెనకబడలేదు.

వాళ్లు పెద్దపిల్లలు. ఒక్క ‘కాదు’ పడితే అన్నీ పోయే ఆ పద్ధతి పసివాళ్లకు మరీ మోటు. తర్వాత కుదురులేని చిన్నపిల్లలతో ఏళ్ల తరబడి పనిచేసిన విలియం పెల్హమ్ వంటివారు ఈ కార్డును సాపు చేశారు. ‘బుద్ధిగా ఉండాలి’ అన్నది కార్డులోకి రాదు, దాన్ని ఎలా లెక్కపెడతాం? ‘చెయ్యెత్తకుండా అరవడం ఎనిమిది సార్లకు మించకూడదు’ అన్నది వస్తుంది. ఎనిమిదేమిటి అంటారా? ఇప్పుడు పదిసార్లు అరుస్తున్నాడు కాబట్టి. మొదట్లో వాడు ఎక్కువ రోజులు గెలవాలి, గెలుపు రుచి తెలియాలి. ఇంట్లో ఇచ్చేదీ పెద్దదేం కాదు. సందులో పది నిమిషాల క్రికెట్టో, పడుకునేముందు ఇంకో కథో చాలు.

అయితే కార్డు కన్నా ముందు తేలవలసింది ఒకటుంది: ఎందుకు చేస్తున్నాడు? ఇక్కడ టీచరుకు సగమే తెలుసు, తల్లికి సగమే తెలుసు. టీచరు కళ్లముందు నలభై మంది ఉంటారు కాబట్టి ఎవరు వేరుగా ఉన్నారో ఇట్టే పట్టేస్తారు. ఒక్కోసారి ఆ పోలికే తప్పుదోవ పట్టిస్తుంది. సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితేనే బళ్లో చేర్చుకునే అమెరికన్ రాష్ట్రాల పిల్లల వివరాలు 2018లో వెలువడ్డాయి. ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లయినవాళ్లకు, సెప్టెంబరులో పుట్టి అందరికన్నా పెద్దవాళ్లయినవాళ్లతో పోలిస్తే ‘ఏడీహెచ్‌డీ’ (కుదురూ ఏకాగ్రతా నిలవని సమస్య) అనే ముద్ర 34 శాతం ఎక్కువగా పడింది. పదకొండు నెలల పసితనం జబ్బుగా కనిపించిందన్నమాట. బడిలో వేయడానికి పుట్టినతేదీ వెనక్కి జరిపించిన ఇళ్లు మన దగ్గర తక్కువా? అలాంటి పిల్లాడి అసలు వయసు తల్లికి తెలుసు, రిజిస్టరుకు తెలియదు.

మా మేనల్లుడి టీచరమ్మ మంచిది. మా అక్క వెళ్లి, “మేడమ్, ఏ టైములో లేస్తున్నాడో ఒక్క వారం రాసిపెడతారా?” అనడిగితే కాదనలేదు. శుక్రవారానికి చూస్తే గీతలన్నీ డిక్టేషన్ పీరియడులోనే. “లేచి పక్కవాడి నోట్సులోకి తొంగి చూస్తాడండీ” అంది టీచరమ్మ. అక్క కాసేపు మాట్లాడలేదు. జలుబు చేసి నెల దాటింది, ఇంట్లో టీవీ సౌండు పెంచుతున్నాడని అప్పటికే నాలుగుసార్లు తిట్టింది. చెవుల డాక్టరు చూసి కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. పసిపిల్లల్లో ఇది మామూలే, చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. అంతదాకా వాడిని ముందు బెంచీకి మార్చారు, డిక్టేషన్ గొడవ పోయింది.

వాటర్ బాటిల్‌తో పక్కపిల్ల మీద నీళ్లు చల్లడం మాత్రం పోలేదు. దానికి చెవితో సంబంధం లేదు, అది అచ్చంగా అల్లరే. కార్డు వచ్చింది దానికోసం. మూడోవారంలో ఒకరోజు టీచరమ్మ టిక్కు పెట్టడం మరిచిపోయింది. వాడు ఆటో దిగి వెనక్కి పరిగెత్తి, స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న ఆవిడ ముందు కార్డు పెట్టి నిలబడ్డాడట. ఆటో అబ్బాయి హారన్ కొడుతూనే ఉన్నాడు.